రంగుల పుట, రంగులేని పుట



సికింద్రాబాదు స్టేషనులో రైలుకై వేచియున్నప్పుడు మీ పిల్లవానికి బొమ్మల పుస్తకము కొనియిచ్చితిరా? అదృష్టమును గూర్చి అందులో ఏమున్నదో మీరును చూడుడి. అట్టి పుస్తకములలో ఒకదాని సంగతి చెప్పెదను.

1964లో అమెరికా దేశస్థుడైన రెమీ చార్లిప్ "ఫార్చునేట్లీ" అను పుస్తకమును వెలువరించెను. అదృష్టవశాత్తు అని దాని అర్థము. నెడ్ అను బాలునికి విందుకు పిలుపు వచ్చును. విందు బహు దూరమున నుండును. స్నేహితుడు విమానము ఎరవిచ్చును; దాని యంత్రము పేలిపోవును. దుముకుటకు పారాచూటు దొరకును. దానికి చిల్లి యుండును. మేలు కలిగిన పుటలకు రంగులున్నవి. కీడు కలిగిన పుటలకు లేవు. అయితే రెండింటిలోను బాలుడొక్కడే. పుట మారినదే గాని వాడు మారలేదు.

మన యిండ్లలోనో? బిడ్డ పుట్టిన యేడు తండ్రి చనిపోయిన యెడల ఆ బిడ్డను నష్టజాతకుడందురు. ఆదివారము గుడికి వచ్చు మనమును అందుము. ఒక్క పుట చూచి పుస్తకమంతటికి పేరు పెట్టుచున్నాము. ఆ మాటను బిడ్డ బ్రదుకంతయు మోయవలెను.

యోసేపును అన్నలు గుంటలో పడద్రోసి అమ్మివేసిరి. ఐగుప్తులో చెరసాల పాలాయెను. పిమ్మట ఆ దేశమునకే అధికారియాయెను. చెరసాలలోను దేవుడతనిని విడువలేదని ఆదికాండము చెప్పుచున్నది. కాబట్టి కీడు దేవుడు విడిచినందుకు గురుతు కాదు. మేలు మన యోగ్యతకు బహుమానమును కాదు.

తల్లులారా, తండ్రులారా, బొమ్మ చూపునప్పుడు "వీని రాత ఇంతే" అనకుడి. "వీనికిప్పుడు ఎవరు తోడు నిలుతురు?" అని అడుగుడి. మీ వీధిలో నేడు రంగులేని పుటలో నున్న బిడ్డ ఎవరు?