మత్తడి లేని చెరువు

క్రైస్తవుల ఇళ్ళల్లో ముందుగది గోడకి ఒక పటం వేలాడుతూ ఉంటుంది, మీరు చూసే ఉంటారు. ఈ ఇంటికి యజమాని క్రీస్తేననీ, భోజనానికి కూర్చున్నప్పుడల్లా ఆయన కూడా కంటికి కనబడకుండా పక్కన కూర్చుంటాడనీ, ఇంట్లో అనుకునే మాటలన్నీ చప్పుడు చెయ్యకుండా వింటాడనీ దాని భావం.

మొదటి రెండింటితో ఏ ఇల్లాలికీ పేచీ లేదు. చిక్కంతా ఆ మూడోదానితోనే! పాపం, ఆయన వినేదేమిటి? చారులో ఉప్పెక్కువైందన్న విసుగు. ఆడపడుచు పెళ్ళినాటి పెట్టుపోతల గురించి ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా తీరని దెప్పుడు. ఆదివారం చర్చికి వేళ మించిపోతోందని గుమ్మంలోంచి "ఇంకా తెమల్లేదూ?" అని ఒక కేక... అరగంట పోయాక అదే గొంతుతో కీర్తన! ఇలాంటి కొంపలో దేవుడెందుకుంటాడమ్మా అని నిట్టూర్చే ఇల్లాళ్ళు తక్కువేం కాదు.

ఎందుకుండడూ? ఆయన పెరిగిన ఇంటి సంగతి మాత్రం సువార్తలు దాచాయా?

పస్కా పండుగకి యెరూషలేము వెళ్ళి తిరిగివస్తూ, పన్నెండేళ్ళ కొడుకు చుట్టాల గుంపులో ఉన్నాడనుకుని ఆ తల్లీతండ్రీ ఒకరోజు ప్రయాణం చేసేశారు. మూడు రోజుల తర్వాత దేవాలయంలో దొరికితే తల్లి మందలించింది, పిల్లవాడు ఎదురు ప్రశ్న వేశాడు. ఆ జవాబు తల్లిదండ్రులకి బోధపడలేదని కూడా లూకా రాసిపెట్టాడు. ఆయన పెద్దవాడై ఊరూరా బోధిస్తుంటే, మతి చలించిందేమోనని ఇంటివాళ్ళు పట్టుకుపోవడానికి వచ్చారని మార్కు చెబుతాడు. తమ్ముళ్ళే నమ్మలేదంటాడు యోహాను. అలా నమ్మని ఇంట్లోంచే యాకోబు తర్వాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు. పవిత్ర కుటుంబమని మనం పటం కట్టి పెట్టుకున్న ఇల్లండీ అది!

మార్త సంగతి చూడండి. వంటింట్లో ఒక్కతే సతమతమవుతూ, చెల్లెలు సాయానికి రాలేదని వచ్చిన అతిథితోనే ఫిర్యాదు చేసింది. ఆ ఒక్కరోజు విసుగుతోనే లోకం ఆవిడని గుర్తుపెట్టుకుంది. కానీ తమ్ముడు చనిపోయి నాలుగు రోజులైన వేళ, చెల్లెలు ఇంట్లో కూర్చుండిపోతే, ఊరి బయటికి ఎదురువెళ్ళి నీవే క్రీస్తువని ధైర్యంగా చెప్పింది ఆ మార్తే! మనిషిని ఒక పూట విసుగుతో కొలవకూడదని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

అయితే లోపం లేని ఇల్లు లేదన్న ఈ ఓదార్పుని ఎంతదూరం సాగదీయవచ్చు? అసలు ప్రశ్న ఇదీ. ఉప్పెక్కువైన చారూ లోపమే, తాగొచ్చి చెయ్యెత్తే భర్తా లోపమేనా? రెంటికీ ఒకటే మందు వేసి, "నీ సిలువ నువ్వు మోసుకో తల్లీ" అని ఇంటికి పంపేసిన పెద్దలు మన మధ్య ఎందరో! చట్టం కూడా చాలాకాలం ఆ పెద్దల పక్కనే నిలబడింది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం, భర్త ఎంత క్రూరుడైనా ఆ ఒక్క కారణంతో క్రైస్తవ స్త్రీకి విడాకులు లేవు. క్రూరత్వంతోపాటు అతని వ్యభిచారాన్నీ రుజువు చెయ్యాలి. భర్తకి మాత్రం భార్య వ్యభిచారం ఒక్కటీ చాలు! 2001లో సవరించేదాకా, అంటే 132 ఏళ్ళు, చట్టం పుస్తకంలో ఆ మాట అలాగే ఉండిపోయింది.

సిలువ ఎవరికి వారు ఎత్తుకునేది. ఇంకొకరి భుజాన పెట్టమని క్రీస్తు చెప్పలేదు. పైగా, బరువైన మోపులు కట్టి ఇతరుల భుజాల మీద పెట్టి తాము వేలైనా కదపనివాళ్ళ మీద ఆయన మండిపడ్డాడు కూడా.

మరి ఏది సర్దుకోవాలి, ఏది కూడదు? పుస్తకాలదాకా ఎందుకు, మా ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్టమీద నిలబడితే తెలుస్తుంది. కుతుబ్‌షాహీల కాలంనాటి చెరువది. మట్టికట్ట అన్నాక ఎక్కడో కొంత చెమ్మ ఊరుతుంది. దానికెవరూ బెంబేలు పడరు. కానీ గండి పడుతుంటే మాత్రం, ఇదీ ఊటేలెమ్మని ఏ రైతూ ఇంటికెళ్ళి పడుకోడు. ఎంత గట్టి కట్టకైనా మత్తడి అంటూ ఒకటుండాలి. నిండిన నీళ్ళు పొర్లిపోవడానికి దారి లేకపోతే ఎంత పెద్ద చెరువైనా తెగుతుంది.

సంసారంలో ఆ మత్తడి ఏమిటంటారా? చెప్పుకోవడం! డెబ్బై ఏళ్ళసార్లు క్షమించమన్న మాట అందరి నోటా వింటాం. అది మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలోది. అదే అధ్యాయంలో దానికి కాస్త ముందున్న మాట ఎందుకో ఎవరూ ఎత్తరు. నీ సోదరుడు నీకు తప్పు చేస్తే ముందు వెళ్ళి అతనికే చెప్పమన్నాడు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళమన్నాడు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పమన్నాడు. అంటే క్షమించడమంటే నోరు నొక్కుకోవడం కాదన్నమాట! తప్పుని తప్పని చెప్పాకే క్షమకి అర్థం. చెప్పకుండా మింగినది క్షమ కాదు, నిలవ. ఎప్పుడో ఒకరోజు కట్ట తెంచుకుని పోతుంది.

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో "తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించు తండ్రీ" అని అందరం గుండుగుత్తగా అనేస్తాం. ఏ తప్పు? ఎవరిపట్ల? దేవుడికి తెలుసులెమ్మని వదిలేస్తాం. దేవుడికి తెలిస్తే సరిపోతుందా? పక్కన మోకరించినావిడకి తెలియొద్దూ? "పొద్దున నీతో ఆ మాట అనకుండా ఉండాల్సింది" అని పేరుపెట్టి ఒక్కమాట ఆ చాపమీదే అనిచూడండి. పిల్లలకి వాక్యాలు ఎన్ని కంఠతా వచ్చినా, నాన్న అమ్మతో "పొరపాటు నాదే" అనడం చెవులారా విన్న రాత్రి నేర్చుకున్నంత మరే ఆదివారమూ నేర్చుకోరు.