ఎజెండా లేని సభ, లెక్క తప్పని మనిషి

ప్రభుత్వోద్యోగికి సమావేశమంటే ముందుగా అందే కాగితం: చర్చనీయాంశాలు, వరుస సంఖ్యలు, జతపరచిన పత్రాలు. ఆ కాగితం లేకుండా పిలుపు వచ్చినప్పుడు అందరికన్నా ఎక్కువగా ఇబ్బంది పడేవాడు ప్రతి అంకెనూ సరిచూసుకొనే మనిషి. సిద్ధపడకుండా సభకు రావడం అతని దృష్టిలో బాధ్యతారాహిత్యం. అటువంటివానిని ఎజెండా లేని సభకు పిలవడం న్యాయమేనా?

కొన్నేళ్ల క్రితం నేను అలాగే పిలిచాను. మా సీనియర్ సూపరింటెండెంటు నాలుగు ఫైళ్లు మోసుకొని వచ్చారు. ఒక్కటీ అవసరపడలేదు. సభ ముగిసేదాకా ఆయన నోరు విప్పలేదు. తరువాత వరండాలో, "ఏమీ తేనక్కరలేదని ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది సార్" అన్నారు. తప్పు నాదే.

అయితే అటువంటివారిని పిలవకపోవడమే మేలా? చరిత్ర వేరుగా చెబుతున్నది. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగిసిన పిమ్మట వినోబా భావే తెలంగాణలో పాదయాత్ర సాగించారు. 18వ తేదీన పోచంపల్లిలో దళిత కుటుంబాలను మీకేమి కావాలని అడిగారు. ఆయన వెంట ఏ పథకమూ లేదు. ప్రశ్నకు హద్దు లేదు కాని, సమాధానానికి లెక్క ఉన్నది: నలభై కుటుంబాలకు 80 ఎకరాలు, సగం తరి, సగం ఖుష్కి. ప్రభుత్వానికి విన్నవిద్దామన్న వినోబా, గ్రామస్థులే ఏమైనా చేయగలరా అని కూడా అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమానికి అది నాంది. భూమి కావాలన్న మాట మాత్రమే వినిపించి ఉంటే, సానుభూతి లభించేదేమో. ఎకరాలు లభించేవని చెప్పలేము.

ఉద్యమం దేశమంతటా విస్తరించిన పిదప మరో పాఠం మిగిలింది. దానమిచ్చిన భూముల్లో సాగుకు పనికిరానివి, తగాదాల్లో ఉన్నవి, హద్దులు తేలనివి ఎన్నో ఉన్నాయి. 1965లో ఆంధ్రప్రదేశ్‌లో భూదాన, గ్రామదాన చట్టం చేయవలసి వచ్చింది. హృదయం పలికిన చోటనే సర్వే నంబరు అడిగేవాడూ ఉండాలి. అతనిని ఆ తరువాత పిలిస్తే, జరిగిన పొరపాట్లను లెక్కించడమే అతనికి మిగిలే పని.

కనుక పిలిచేవారికి కొన్ని ధర్మాలున్నాయి. ఎజెండా లేదని, ఎందుకు లేదో కూడా ముందే చెప్పాలి. సభ ఎప్పుడు ముగుస్తుందో తెలపాలి. అతని ప్రశ్నను అడ్డుపుల్లగా భావించరాదు. వచ్చేవారికీ ఒక ధర్మమున్నది: ఆలోచన మొలకెత్తకముందే దానిని కొలవబోకూడదు.

మరుసటి సభకు నేను ఆ వివరాలన్నీ రాసి పంపాను. సూపరింటెండెంటుగారు ఖాళీ చేతులతో వచ్చారు. గంటసేపు విని, "ఇది ఎవరు చేస్తారు? ఎప్పటిలోగా?" అని అడిగారు. మా వద్ద జవాబు లేదు. ఆ తరువాతి సభకు అదే మొదటి అంశమైనది.