అనధ్యాయము – ఆగని చదువు

ఏప్రిల్ నెల చివరి వారము వచ్చుసరికి తెలుగునాట పాఠశాలలు మూతపడును. తిరిగి తెఱచుట జూన్ రెండవ వారమున. నడుమ ఇంచుమించు ఏడు వారములు. ఈ ఏడు వారములలో పిల్లల చదువు ఏమి కావలెనన్నది ప్రతి గృహస్థునకు ఏటేట ఎదురగు ప్రశ్న. ఏడాది పొడుగున అలసిన పసివానిని ఆడుకొననిమ్మని తాతగారందురు. సెలవు మొదటినాడే తండ్రి రాబోవు తరగతి పుస్తకము తెచ్చి ముందు పెట్టును. ఇద్దరును బిడ్డ మేలు కోరువారే. విశ్రాంతి బాలునకు అవసరము. నేర్చినది నిలుపుట పెద్దల కర్తవ్యము. ఈ రెంటికిని నిజముగా విరోధము కలదా అని విచారింపవలసియున్నది.

సెలవు అనునది నేటి పాఠశాలలు కనిపెట్టినది కాదు. వేదాధ్యయనమునకు పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు అనధ్యాయ దినములు. పెనుగాలి వీచినను, అకాలమున ఉఱిమినను పాఠము ఆపవలెనని ధర్మశాస్త్రములు విధించినవి. శ్రావణమున ఉపాకర్మతో ఆరంభమైన వేదాధ్యయనము నాలుగున్నర మాసములు సాగిన పిమ్మట ఉత్సర్జనముతో ముగియును. అంతటితో శిష్యుడు పుస్తకము కట్టిపెట్టి కూర్చుండునా? లేదు. అటుపిమ్మట శుక్లపక్షములందు వేదమును, కృష్ణపక్షములందు వేదాంగములను చదువవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. అంతేకాక వేదాంగములకును, నిత్య స్వాధ్యాయమునకును, హోమ మంత్రములకును అనధ్యాయ దోషము లేదని కూడ అదే స్మృతి స్పష్టము చేయుచున్నది.

ఈ విధులను కలిపి చూచినచో పెద్దల ఆశయము తేటపడును. అనధ్యాయమున ఆగినది గురుముఖమున సాగు పాఠము మాత్రమే. నేర్చినదానిని నెమరువేయుట ఆగలేదు. దానికి తోడ్పడు శాస్త్రములను చూచుట ఆగలేదు. కనుక సెలవులలో రాబోవు తరగతి పాఠములను బలవంతముగ రుద్దుట అనధ్యాయ ధర్మమునకు విరుద్ధము. చదివినదంతయు మఱచిపోవునట్లు వదలివేయుట స్వాధ్యాయ ధర్మమునకు విరుద్ధము. ఒకటి బిడ్డ అలసటను గుర్తింపదు. రెండవది బిడ్డ శ్రమను గౌరవింపదు.

శిష్యుడు విద్యలో నాలుగవ వంతు గురువు వలన, నాలుగవ వంతు తన బుద్ధి వలన, నాలుగవ వంతు తోటి విద్యార్థుల వలన పొందుననియు, మిగిలిన నాలుగవ వంతు కాలక్రమమున సిద్ధించుననియు ఆర్యోక్తి కలదు. బడి మూతపడినచో ఆగునది గురువు ఇచ్చు పాదము ఒక్కటే. తక్కిన మూడు పాదములకు సెలవు లేదు. పైగా ఆ మూడింటికి తగినంత తీరిక దొరకునది సెలవులలోనే.

ఇందులకు శ్రీమద్భాగవత సప్తమ స్కంధమున చక్కని దృష్టాంతము కలదు. ప్రహ్లాదుడు చండామార్కుల వద్ద చదువుచుండెను. ఒకనాడు గురువులు తమ గృహకృత్యములకై వెడలిరి. తీరిక దొరకిన బాలురు ప్రహ్లాదుని ఆటలకు పిలిచిరి. ప్రహ్లాదుడు వారిని కసరలేదు, ఆట తప్పని చెప్పి బెదరింపలేదు. చిరునవ్వుతో దగ్గరకు తీసి మెల్లగా మాటలాడెను. బాలురు తమంత తాము ఆటవస్తువులను విడిచి అతని చుట్టును చేరిరి. గురువులు ఎన్నడును చెప్పని హరిభక్తిని దైత్యబాలురు విన్నది ఆ కొద్దిపాటి విరామములోనే. చెప్పినవాడు తోటి విద్యార్థి. ప్రహ్లాదుడు మాత్రము దానిని ఎక్కడ నేర్చెను? తల్లి గర్భమున నుండగా, నారదుడు ఆమెకు బోధించునపుడు విని నేర్చెను. తల్లి విన్న మంచి మాట బిడ్డకు విద్య అయినది.

అదే కథలో హిరణ్యకశిపుని ప్రవర్తన కూడ గృహస్థులు గమనింపదగినది. కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని, నేర్చినదానిలో మంచిది ఏదో చెప్పుమని అడిగెను. ప్రశ్న ఎంతో మంచిది. తండ్రులందఱును అడుగదగినది. కాని తాను కోరిన సమాధానము రానంతనే కోపము పట్టలేక కుమారుని క్రిందికి త్రోసివేసెను. అడుగుట తెలిసిన తండ్రికి వినుట తెలియలేదు. సెలవులలో ఇంట ఉన్న బిడ్డను నీకు ఎన్ని మార్కులు వచ్చినవని మాత్రమే అడుగు తండ్రియు, ఏమి నేర్చితివని అడిగి సమాధానము పూర్తికాక మునుపే సెల్‌ఫోనువైపు చూపు త్రిప్పు తండ్రియు ఈ ఘట్టమును ఒకమారు స్మరింపవలెను. తమ చేతిలోని ఫోను విడువని పెద్దలు పిల్లల చేతిలోని ఫోనును లాగుకొన్నంత మాత్రమున పిల్లలకు చదువుపై ప్రీతి కలుగదు.

మఱి చేయదగినదేమి? ఎండ ముదరక మునుపు ఉదయమున ఒక గంట చాలును. ఎక్కములు ఒకమారు వల్లించుట, నచ్చిన కథ నాలుగు పుటలు పైకి చదువుట, చూచినదానిని నాలుగు వాక్యములలో వ్రాయుట — ఇంతమాత్రము నిత్యము జరిగినచో చదివినది చెదరదు. తక్కిన దినమంతయు ఆటకును, బంధువులకును, ఇంటి పనులకును విడువవచ్చును. వానిలోను విద్య కలదు. ఆవకాయ పెట్టునాడు ఇన్ని కాయలకు ఇంత ఉప్పు, ఇంత కారము, ఇంత ఆవపిండి యని తల్లి కొలుచును. కాయలు ఒకటిన్నర రెట్లు అయినచో కొలతలెంత కావలెనని బిడ్డను అడిగినచో అది త్రైరాశికము. లెక్క తప్పినచో నవ్వక, మరల కొలిచి చూపుట తల్లి చేయవలసిన పని.

పంచాంగము ప్రతి ఇంట నుండును. దానిని పిల్లల చేతికిచ్చి తిథి, వారము, నక్షత్రము చదివింపవలెను. సూర్యచంద్రుల నడుమ పన్నెండు భాగల ఎడము పెరిగిన కొలది ఒక్కొక్క తిథి గడచునని చెప్పి, వైశాఖ శుక్లపక్షమున ప్రతి సాయంకాలము డాబాపై నుండి చంద్రుని చూపినచో కళలు పెరుగుట కంటికి తెలియును. అక్షయ తృతీయనాటి సన్నని రేఖ చతుర్దశి నృసింహ జయంతికి నిండువచ్చును. మఱునాడు పూర్ణిమ, తాళ్ళపాక అన్నమాచార్యుల జయంతి. ఆ రాత్రి చంద్రుడు విశాఖా నక్షత్ర ప్రాంతమున నుండును గనుక ఆ మాసమునకు వైశాఖమను పేరు వచ్చినదని అప్పుడు చెప్పిన మాట బిడ్డ జన్మలో మఱువడు.

సెలవులలో సకుటుంబముగ తీర్థయాత్రలు చేయుట మనవారి అలవాటు. శ్రీకృష్ణదేవరాయలు 1513 నుండి 1521 వఱకు ఏడుమారులు తిరుమలకు వచ్చి స్వామిని సేవించెను. ఇరువురు దేవేరులతో కూడిన రాయల ప్రతిమ నేటికిని ఆలయమున అంజలి ఘటించి నిలిచియున్నది. చరిత్ర పుస్తకములో పేరు చదివిన బిడ్డకు ఆ మూర్తిని చూపుట ఒక పాఠము. సింహాచల స్వామి సంవత్సరమున ఒక్క అక్షయ తృతీయనాడే చందనము తొలగించి నిజరూప దర్శనము ఎందులకు ఇచ్చునని బిడ్డ అడిగినచో, క్యూలో నిలిచిన వేళ విసుగుకొనక స్థలపురాణము చెప్పుట మఱియొక పాఠము.

తల్లిదండ్రులకే చదువు రానిచో, దినమంతయు కూలిపని చేయువారైనచో ఏమి చేయుదురను శంక సహజము. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి స్వాధ్యాయముతోపాటు ప్రవచనమును, అనగా ఇతరులకు చెప్పుటను జంటగా విధించినది. అతిథి సేవను, మానవోచిత వ్యవహారమును, సంతాన పోషణమును చేయుచునే ఈ రెంటిని సాగింపుమన్నది. చెప్పువానికి వినువాడొకడు కావలెను. రాత్రి భోజనమైన పిమ్మట బిడ్డ చదువుచుండగా అక్షరము రాని తల్లి శ్రద్ధతో విన్నను, ఆ తరువాత ఏమైనదని ఒక్క ప్రశ్న అడిగినను బిడ్డ ప్రవచనము నెఱవేరినట్లే. అన్న తమ్మునకు ఎక్కములు చెప్పినచో ఇద్దఱకును చదువు నిలుచును. దీనికి ధనము అక్కఱలేదు. కావలసినది పెద్దల సమయము, పెద్దల చెవి.

కావున విశ్రాంతికిని విద్యకును విరోధము లేదు. విరోధము కలిగించునది పెద్దల ఆతురత, లేదా ఉపేక్ష. రెంటిని విడిచి, బిడ్డతో కూర్చుండి, బిడ్డ మాట వినుట సెలవులలో గృహస్థు చేయదగిన స్వాధ్యాయము. ప్రహ్లాద వరదుడైన శ్రీలక్ష్మీనృసింహుడు ప్రతి గృహమునందును బాలబాలికలకు విద్యయందు ప్రీతిని, పెద్దలకు ఓర్పును అనుగ్రహించుగాక!