ఇనుప భీముడును ప్లాస్టిక్ భటుడును

భారతయుద్ధము ముగిసిన పిమ్మట ధృతరాష్ట్రుడు భీముని కౌగిలింపగోరెను. ఆ కోరికలోని యంతరార్థము నెఱిగిన శ్రీకృష్ణుడు భీముని వెనుకకు లాగి యొక యినుప ప్రతిమను ముందుకు జరిపెను. అంధరాజు దానిని నుగ్గుచేసి, తన ఱొమ్ము నలిగి నెత్తురు గ్రక్కి, కోపము చల్లాఱగానే భీముడు చచ్చెనని యేడ్చెను. ఈ కథను మేము బడిలో పలుమాఱులు చెప్పియుంటిమి. కాని ఆ ప్రతిమను చేయించినవాడు దుర్యోధనుడే యను సంగతిని గూర్చి నిలిచి యాలోచించినది మాత్రము నిరుటి వేసవిలోనే. పగవాని రూపమును అంత శ్రద్ధగా చేయించినవానికి ఆ పగవానిగూర్చి యేమి తెలిసియుండును?

మా మేనల్లుడు పదునెనిమిదేండ్లవాడు. సెలవులకు మా యింటికి వచ్చి, వసారాలో బల్ల వేసికొని, జర్మను భటుని ప్లాస్టిక్ బొమ్మ నొకదానిని చేయ నారంభించెను. అది నిజమైన మనుష్యునిలో 35వ వంతు. అనగా తలనుండి పాదము వఱకు 5 సెంటీమీటర్లు. చట్రమున కంటియున్న కాళ్లను, చేతులను, తలను, తుపాకిని కత్తితో వేఱుచేసి, అచ్చుల నడుమ మిగిలిన గీతను గీకి, గరుకు కాగితముతో నునుపుచేసి అతుకవలెను. ఈ జిగురు మన పిండిజిగురు వంటిది కాదు. అది ప్లాస్టిక్ పైపొరను కరగించును. రెండు ముక్కలును ఒకటియై గట్టిపడును. అప్పటికిని కనబడు సందులను మెత్తని ముద్దతో పూడ్చుదురు. కొండపల్లివారు పొణికికఱ్ఱ బొమ్మలకు చింతగింజల పిండియు ఱంపపుపొట్టును కలిపిన మక్కు పెట్టుట చూచినవారికి ఇది క్రొత్తగా తోపదు.

రంగు వేయుటలో మాకొక వింత కనబడెను. ఇంత చిన్న వస్తువు మీద పడిన వెలుతురు పెద్ద వస్తువు మీద వలె నీడలు నీయదు. కావున ముడుతలలో నీళ్లవలె పలుచనైన నల్లరంగును పాఱించి, మిట్టల మీద దాదాపు పొడిగానున్న కుంచెతో లేతరంగు నంటింపవలెను. వెలుగును చీకటిని కూడ చేతితో పెట్టవలసినదే. కన్నులు మఱియు కష్టము. నల్లగ్రుడ్డు రెండు రెప్పలను తాకకున్నచో భటుడు దయ్యమును చూచినవానివలె బెదరి చూచును. మావాడు మూడుమాఱులు చెరిపి నాలవమాఱు కుదిర్చెను. భూతద్దములో చూచి మేమును మెచ్చుకొంటిమి, దానిని దాచనేల?

పిమ్మట వాడు ఆ భటుని కాలరుపై నల్లని పట్టీమీద మెఱుపుతీగల వంటి రెండు గుర్తులు పెట్టెను. ఈతడెవ్వడని యడిగితిమి. ఆ మచ్చల అంగీ యే యేట వాడుకలోనికి వచ్చినదియు, తోలుపట్టీకి సంచులెన్ని యున్నదియు, బూటు అడుగున మేకులెట్లున్నదియు, అన్నియు తడువుకొనక చెప్పెను. ఆ సేన పోయిన యూళ్లలో నేమి జరిగినదో మాత్ర మెఱుగడు.

ఈ వేడుక నేటిది కాదు. 1893లో లండనునందు బ్రిటన్ కంపెనీవారు లోపల డొల్లగా సీసపు భటులను పోతపోయుట నారంభించి చౌకగా నమ్మిరి. హెచ్. జి. వెల్స్ వంటి ప్రాజ్ఞుడు అట్టి బొమ్మలతో నేలమీద యుద్ధములాడి, 1913లో ‘లిటిల్ వార్స్’ అను పుస్తకమును వ్రాసెను. చిన్నయుద్ధ మాడి చూచినవానికి పెద్దయుద్ధ మెంతటి మూఢకార్యమో తెలియవచ్చునని యాతని వాదము. మరుసటి యేడే పెద్దయుద్ధము వచ్చెను. ఇక ప్లాస్టిక్ బొమ్మలలో 35వ వంతు కొలతను వ్యాపింపజేసినవారు జపానులోని షిజువోకాయందలి తమియావారు. 1960 దశకారంభమున వారు చేసిన ప్యాంథర్ టాంకు బొమ్మలో మోటారును బ్యాటరీలును పట్టునట్లు చూచుకొనగా లెక్క 35కు వచ్చినదట. ఇన్ని చిన్నమనుష్యుల యెత్తును బ్యాటరీ నిర్ణయించుట చిత్రముగనే యున్నది.

ఇట్టి సేనల బొమ్మలు చేయనేరాదను మిత్రులు మాకు కలరు. మేమంత దూరము పోజాలము. శంకుకుడు చెప్పిన చిత్రతురగమును విద్యార్థులెఱుగుదురు: గోడమీది గుఱ్ఱమును చూచి గుఱ్ఱమందుము, ఆ జ్ఞానము నిజమనియు, భ్రమయనియు, సంశయమనియు చెప్పలేము. రావణవేషము వేసినవానిని ఎవరును దండింపరు. అయితే రంగస్థలముమీద రావణుని యెదుట సీత యున్నది, జటాయువున్నాడు. బల్లమీది భటుని యెదుట నెవరును లేరు. వాని తుపాకి చూచు వైపంతయు ఖాళీ. మాకు బాధ కలిగించినది ఆ ఖాళీయే. జర్మనీ శిక్షాస్మృతిలో 86ఎ విధి ఆ సేనల గుర్తులను బహిరంగముగా ప్రదర్శించుటను నేరముగా నెంచును. కళకును విద్యకును మినహాయింపు కలదు. అచ్చట నమ్ము పెట్టెలలో స్వస్తికను తీసివేయుటయో, ముక్కలుచేసి ముద్రించుటయో కలదు. మంచిదే. కాని గుర్తు పోయినను అంగీ మిగులును, దాని సొగసును మిగులును.

మేము మావానికి ఫ్రాన్సుదేశపు ఒరదూర్-సుర్-గ్లాన్ గ్రామముగూర్చి చెప్పితిమి. 1944 జూన్ 10వ తేదీన అదే సేనలోని దాస్ రైఖ్ దళమువారు ఆ యూరు చొచ్చి, మగవారిని కొట్టములలో కాల్చి, స్త్రీలను పిల్లలను చర్చిలోనికి తోలి నిప్పుపెట్టిరి. చనిపోయినవారు 640 మందికి పైబడిరి. తరువాత ఫ్రెంచివారు ఆ శిథిలములను అట్లే యుంచి, క్రొత్త యూరిని ప్రక్కన కట్టిరి. కాలిన యిండ్ల గోడల నడుమ త్రుప్పుపట్టిన కుట్టుమిషనులు నేటికిని నిలిచియున్నవి.

వాడు రెండుదినములు బల్ల దగ్గఱకు పోలేదు. “పగులగొట్టుదునా, మామయ్యా?” అని యడిగెను. వద్దంటిమి. ఇనుప భీముని నుగ్గుచేసినందున ధృతరాష్ట్రునకు కొడుకు లొక్కరును మరలి రాలేదు. దుర్యోధనునకు భీముని బాహువుల కొలతలు వ్రేలిముడుపులవఱకు తెలిసియే యుండును. సభలో ద్రౌపది పడిన యవమాన మా కొలతలలో లేదు. అది కూడ తెలిసియున్నచో ఆ ప్రతిమమీద గద యెత్తగలిగెడివాడా? ఏమో, ఎత్తియే యుండునేమో. దీనికి మావద్ద సమాధానము లేదు.

మూడవనాడు ఉదయము వాడు అత్తయ్య కుట్టుమిషను ప్రక్క గొంతుకూర్చుండి టేపుతో కొలుచుచుండెను. బల్ల యెత్తు 77 సెంటీమీటర్లు; 35చే భాగింప 2.2. చక్రపు కమ్ములకు సన్నని తీగ యేది యుండునని యడిగెను. తెగిన వీణతంత్రి యొకటి అటకమీద నుండవలె నంటిమి, నిచ్చెన తెచ్చుకొనెను.