పాతరోడ్డు చలివేంద్రం

ఒంగోలు దాటాక, మద్రాసు నుంచి కలకత్తా పోయే పాత ట్రంకు రోడ్డు పక్కన ఒక ఊరు ఉండేది. ఊరి మొదట్లో వేపచెట్టు, చెట్టు కింద తాటాకు పందిరి, పందిరి కింద చలివేంద్రం. శ్రీరామనవమి నాడు కుండలు పెడితే మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడేదాకా తీసేవాళ్లు కాదు. ఆ చుట్టుపక్కల ఏ బావి తవ్వినా ఉప్పునీళ్లే పడేవి. మంచినీళ్ల బావి ఒక్కటే ఉండేది, అదీ ఊరవతల మెరక మీద. అందుకని అక్కడ ఒకరి దాహం తీర్చడం చిన్న పని కాదు.

చలివేంద్రాన్ని ఒక అవ్వ నడిపేది. ఖర్చు ఊళ్లో ఒక పెద్దాయన పెట్టుకునేవాడు. అవ్వ తెల్లవారకముందే కావడితో నీళ్లు తెప్పించేది, గుడ్డతో వడకట్టేది, తడి ఇసుకలో కుదురుగా కూర్చోబెట్టిన నాలుగు కుండల్లో పోసేది. మట్టికుండ ఒళ్లంతా చెమరుస్తుంది. ఆ చెమ్మ గాలికి ఆరుతూ లోపలి నీళ్ల వేడిని లాగేస్తుంది. గాలి ఆడని చోట పెడితే ఎంత మంచి కుండలోనైనా నీళ్లు చల్లబడవు. అవ్వకు ఆ సంగతి తెలుసు కనుక పందిరికి దడి కట్టనిచ్చేది కాదు. నీళ్లలో గుప్పెడు వట్టివేళ్లు వేసేది. రొప్పుతూ వచ్చినవాళ్లకు వెంటనే పోసేది కాదు. కాసేపు కూర్చోబెట్టి, చెమట ఆరాక పోసేది. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు.

పొద్దున పాలవాళ్లు వచ్చేవాళ్లు. పది గంటలకు కందుకూరు బస్సు దిగినవాళ్లు, మిట్టమధ్యాహ్నం ఎద్దుబండ్లవాళ్లు, పొద్దువాలాక గొర్రెల కాపరులు. వచ్చే మనుషుల్ని బట్టి అవ్వకు వేళ తెలిసేది. అవ్వ కుండలు తోమే చప్పుడును బట్టి ఊరికి తెల్లవారేది. నలభై ఏళ్లు అలా నడిచింది.

తర్వాత స్వర్ణ చతుర్భుజి పనులు మొదలయ్యాయి. నాలుగు వరసల కొత్త రోడ్డు ఊరిని తప్పించుకుని, పొలాల మీదుగా, వేపచెట్టుకు అర మైలు అవతల నుంచి పోయింది. మొదటి ఎండాకాలం సాయంత్రానికి కుండలు సగమే ఖాళీ అయ్యాయి. మూడో ఎండాకాలం పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి.

పెద్దాయనకు దిగులు పట్టుకుంది. సీసా నీళ్లు మరిగిన జనానికి కుండ నీళ్ల మీద మనసు పోయిందనుకున్నాడు. అయినా ఊరుకోలేదు. తాటాకు పందిరి పీకించి సిమెంటు రేకులు వేయించాడు. నాలుగు కుండలను ఎనిమిది చేశాడు. చెట్టుకు మైకు కట్టించాడు. రేకుల కింద నీళ్లు వేడెక్కాయి. మైకు ఊరికి వినిపించింది, కొత్త రోడ్డుకు వినిపించలేదు. మరుసటేడు, కొత్త రోడ్డు మీది కూల్‌డ్రింకుల షాపును చూసి, నాలుగు కుండలు తీసేసి రంగు సోడాలు పెట్టించాడు. సోడా కావలసినవాళ్లు ఆ షాపులోనే తాగారు. అక్కడ ఐసు ఉంది, ఇరవై రకాలున్నాయి. నీళ్ల కోసం వచ్చే పాతవాళ్లేమో సోడాసీసాలు చూసి, ఇక్కడ డబ్బులడుగుతారు కాబోలనుకుని వెనక్కి తిరిగారు.

అవ్వకు ఒక మనవరాలు ఉండేది. ఆ పిల్ల ఖాళీ చెంబు ఒకటి పట్టుకుని కొత్త రోడ్డు వంతెన దగ్గరికి వెళ్లి కూర్చుంది. మూడు పగళ్లు, మూడు రాత్రులు ఊరికే చూసింది.

బస్సులు వంతెన దగ్గర ఒక్క నిమిషం ఆగేవి. ఆ నిమిషంలో దిగి అర మైలు నడిచి పందిరికి ఎవరూ రాలేరు. కిటికీలోంచి చెయ్యి మాత్రం చాపగలరు. మోటారు సైకిళ్లవాళ్లు ఎండకు తాళలేక వంతెన కింద నీడకు చేరేవాళ్లు. పొగాకు గ్రేడింగు పనికి పోయే ఆడవాళ్లు రాత్రి ఎనిమిదింటికి దగ్గుకుంటూ ఆటో దిగేవాళ్లు. పందిరి ఆరింటికే మూసేసేవాళ్లు. చీమకుర్తి గ్రానైటు లారీలు రాత్రి రెండింటికి ఆగేవి. డ్రైవర్లు దిగి టైర్లు తట్టి చూసుకుని, ఖాళీ క్యాన్లు ఊపి చూసుకుని మళ్లీ ఎక్కేవాళ్లు. ప్రతి ఒక్కరి నోరూ ఎండిపోయే ఉంది. పందిరి ఉన్న చోటికి గానీ, పందిరి తెరిచిన వేళకు గానీ వాళ్లలో ఒక్కరూ రాలేరు.

ఆమె పెద్దాయన్ని కొత్త కుండలు అడగలేదు. మిగిలిన నాలుగింటిలో ఒకటి వంతెన కిందికి మార్చింది. అక్కడ గాలి ఎప్పుడూ ఆడుతుంది, నీళ్లు రేకుల కింద కన్నా చల్లగా ఉండేవి. బస్సుల కోసం కిటికీకి అందేలా చిన్న ముంతలు పెట్టింది. చెంబెడు తాగితేనే పోస్తానని పట్టుబట్టలేదు, నిమిషంలో ఎంత అందితే అంతే అందించింది. గ్రేడింగు ఆడవాళ్ల కోసం రాత్రి తొమ్మిదిదాకా దీపం పెట్టింది. చల్లనీళ్లు తాగితే దగ్గు ఎక్కువవుతోందని వాళ్లలో ఒకామె చెప్పింది. మరునాటి నుంచి వాము వేసి కాచిన గోరువెచ్చని నీళ్లు వాళ్లకు వేరే ఉంచింది. నలభై ఏళ్లలో ఆ చలివేంద్రంలో గోరువెచ్చని నీళ్లు ఎవరూ చూడలేదు. అవ్వ కాదనలేదు. ఎదుటి మనిషి తీరు చూసి నీళ్లు పోయడం ఆ పిల్ల అవ్వ దగ్గరే నేర్చుకుంది.

లారీ డ్రైవర్లకు అక్కడ నిలబడి తాగే తీరిక లేదు. వాళ్ల క్యాన్లు నింపి ఇచ్చేది. వాళ్లు ఆ నీళ్లు రాజమండ్రిలో తాగేవాళ్లు, తునిలో తాగేవాళ్లు.

పెద్దాయనకు కోపం వచ్చింది ఇక్కడే. పందిరి కింద తాగినవాళ్లను లెక్కపెట్టుకోవచ్చు. తాగి మూతి తుడుచుకుని చెట్టుకు దణ్ణం పెట్టుకుని పోవడం కళ్లారా చూడవచ్చు. క్యానులో పోసిన నీళ్లు ఎవడు, ఎక్కడ, ఎప్పుడు తాగుతాడో ఎవరికి తెలుసు? సగం తాగి సగం పారబోస్తే? పందిరికి కట్టిన బోర్డు తునిలో ఎవరికి కనబడుతుంది? ఆయన బాధలో అబద్ధం లేదు. ఖర్చు పెట్టే మనిషికి ఒక దాహమైనా ఎదురుగా తీరడం కనబడాలి. ఈ కథ తల్చుకున్నప్పుడల్లా నాకు పెద్దాయన మీద జాలే కలుగుతుంది. మనవరాలు ఆయనకు ఎదురు చెప్పలేదు. ప్రతి క్యానులో నాలుగు వట్టివేళ్లు వేసి ఇచ్చింది. ఇరవై రోజుల తర్వాత ఒక డ్రైవరు తిరిగొచ్చాడు. ఇచ్ఛాపురం దగ్గర మూత తీస్తే వట్టివేళ్ల వాసనకు పక్క బండ్లవాళ్లు కూడా వచ్చి తలా ఇంత తాగారని చెప్పి, దారిలో కొన్న రెండు కొత్త కుండలు పెద్దాయన గుమ్మంలో దింపి వెళ్లాడు.

కూల్‌డ్రింకుల షాపువాడు కూడా ఒక మాట పంపాడు. తన షాపు ముందు జనం ఎక్కువ, కుండలు అక్కడ పెట్టుకోమన్నాడు. ఆమె రెండు పెట్టింది. నెలరోజులు బాగానే తాగారు. తర్వాత అతను కుండలను సోడా డబ్బాల వెనక్కి జరిపాడు. ఒకరోజు గోనెపట్టా కూడా కప్పాడు. ఆమె గొడవ పడలేదు, కుండలు అక్కడి నుంచి తీయనూ లేదు. వాటి మూతల మీద వంతెన బొమ్మ, వేపచెట్టు బొమ్మ సున్నంతో గీసింది. అక్కడ తాగినవాళ్లు మరోసారి నేరుగా వంతెన దగ్గరికే వచ్చారు.

వంతెన దగ్గర సందడి చూశాక పెద్దాయన పాత పందిరి ఎత్తేద్దామన్నాడు. అక్కడికి వచ్చేది పదిమందే. గొర్రెల కాపరులు, బడిపిల్లలు, చూపు ఆనని ఒక ముసలాయన. మనవరాలు ఒప్పుకోలేదు. రేకులు తీయించి మళ్లీ తాటాకు వేయించింది, ఒక కుండ అక్కడే ఉంచింది. మృగశిర వచ్చినా, వానాకాలం వెళ్లినా ఆ కుండ తీయలేదు.

ఆ ఏడు నవంబరులో తుఫాను వచ్చింది. గుండ్లకమ్మ పొంగింది. కొత్త రోడ్డు మీద కల్వర్టు కొట్టుకుపోయి బండ్లన్నీ పాతరోడ్డుకు మళ్లి అక్కడ నిలిచిపోయాయి. కరెంటు పోయి షాపు మూతబడింది. సీసాల లారీ రాలేదు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. మెరక మీది బావికి వరద తగల్లేదు. మూడు రోజులు వేపచెట్టు కింద ఆ ఒక్క కుండ ఖాళీ అవుతూ నిండుతూ ఉంది. ఆ చెట్టును ఎన్నడూ చూడని బస్సువాళ్లకు లారీ డ్రైవర్లే దారి చూపారు.

వరద తీశాక అవ్వ తనను వంతెన దగ్గరికి తీసుకుపొమ్మంది. కుండ పక్కన కూర్చుని, వడకట్టే గుడ్డ పిండి చూసింది. కుండ ఒంటిమీది చెమ్మ తడిమి చూసింది. ఒక బస్సు వచ్చి ఆగింది. అవ్వ ముంత అందుకుని, కిటికీలోంచి చాచిన చేతికి ఇచ్చింది.

ఈ చలివేంద్రం మన రేడియో: 1938లో మద్రాసు నుంచి, 1948 డిసెంబరు 1 మొదలు విజయవాడ నుంచి తెలుగువాళ్ల దాహం తీర్చిన ఆకాశవాణి, దాని వెనక వచ్చిన ఎఫ్‌ఎంలు, 2008లో జహీరాబాద్ దగ్గర మాచునూరులో పల్లె ఆడవాళ్లు తమ యాసలో తమ పంటల గురించి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న సంఘం రేడియో. శ్రోతలు ఫోన్ల దారికి, తమకు తీరిక దొరికిన వేళకు మళ్లారు కనుక, ఒకప్పుడు ఉత్తరాలు రాసి ఎదురుచూస్తే రేడియోలో దొరికిన ఉషశ్రీ గొంతు ఇప్పుడు యూట్యూబ్‌లో అర్ధరాత్రయినా దొరుకుతున్నట్టు, న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి డాలస్‌లోనూ పలుకుతున్నట్టు, రేడియోవాళ్లు వడకట్టే గుడ్డను మాత్రం వదలకుండా కుండను మోసుకుని జనం ఉన్న చోటికి వెళ్లాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకి కరెంటూ సెల్ సిగ్నళ్లూ పోయిన రోజును గుర్తుంచుకుని, బ్యాటరీ రేడియోకి మాట అందించే పాత ట్రాన్స్‌మిటర్‌ను వేపచెట్టు కింది కుండలా నింపి ఉంచాలి.