గురువునకు చెల్లవలసిన ఘనత

ధ్యాన భాగము: అపొ. కార్యములు 11:22–26, 15:36–39



మన పల్లెలలో ఎవరి బిడ్డయైనను విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము తెచ్చుకొనినయెడల సంఘమంతయు సంతోషించును. దండ వేయుదుము, కృతజ్ఞతార్పణ చెల్లింతుము. అది తగినదే. అయితే ఆ బిడ్డను ఏండ్ల తరబడి చెయ్యి పట్టి నడిపించిన గురువును ఎవరు తలంతురు? అట్టి గురువును నలుగురిలో సన్మానింపవలెనా? లేక ధర్మము రహస్యముగా చేయవలెనని ప్రభువు బోధించెను గనుక (మత్తయి 6:1–4) ఊరకుండవలెనా?

ఇది మనకు సంబంధించని ప్రశ్న కాదు. 1968లో అనంతపురమున స్నాతకోత్తర కేంద్రముగా మొదలైన విద్యాస్థానము 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమాయెను. వాన తప్పిన వేరుసెనగ చేలనుండి పోయిన బిడ్డలు అక్కడ చదువుచున్నారు. పరిశోధన యనగా ఏమో వారి యింట చెప్పువారు లేరు. విషయము ఎన్నుకొనుట, వ్రాసినది దిద్దించుకొనుట, తుదకు సంతకము పొందుట, అన్నియు గైడు ద్వారానే జరుగవలెను. ఆయన చేతిలో దీపమున్నది, తాళపుచెవియు ఉన్నది. ఆయన మంచివాడైనచో బిడ్డ నిలుచును, కానిచో నలిగిపోవును.

మంచి గురువు ఎట్టివాడు? 1920లో మన పొరుగు బళ్లారి సీమలోని హడగలిలో, తెలుగు కుటుంబమున పుట్టిన సి. ఆర్. రావుగారిని చూడుడి. సంఖ్యాశాస్త్రములో లోకప్రసిద్ధుడై 2023లో కన్నుమూసెను. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయనయొద్ద 1963లో డాక్టరు పట్టము పొందిన ఎస్. ఆర్. ఎస్. వరదన్ సంభావ్యతా శాస్త్రములో తన సిద్ధాంత గ్రంథమును వ్రాసెను. 2007లో గణితమునకు మిక్కిలి గొప్పదైన ఆబెల్ బహుమానము ఆ శిష్యునికి వచ్చెను. వేరుసెనగ పూవు పైన పూయును, కాయ మాత్రము మట్టిలోపల ఊరును. గురువు పనియు అట్టిదే. ఏండ్లు గడచిన తరువాతనే బయటపడును.

అయితే పేరుపొందిన శిష్యులను బట్టియే గురువును కొలువరాదు. బర్నబాను తలంచుడి. అతడు తార్సునకు పోయి సౌలును వెదకి అంతియొకయకు తోడుకొని వచ్చెను. మొదట బర్నబా పేరు ముందుండెను. పదుమూడవ అధ్యాయము ముగియకముందే పౌలు పేరు ముందునకు వచ్చెను. దానికి బర్నబా నొచ్చుకొనినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. తరువాత నడిమి త్రోవలో విడిచిపోయిన మార్కును పౌలు వద్దనగా, బర్నబా అతనిని వెంటబెట్టుకొని కుప్రకు ఓడయెక్కెను. ఆ మార్కే తన పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని పౌలు కడపట వ్రాసెను (2 తిమోతి 4:11). ముందుకు దూకువానిని నడుపుట సులభము; వెనుకబడినవానిని విడువకుండుటయే గురుత్వము.

కావున ఘనత కోరకుండుట గురువు ధర్మము. ఘనత నిచ్చుట మన ధర్మము. ఒకదానిని చూపి రెండవదానిని ఎగవేయరాదు. మనమధ్య ప్రయాసపడువారిని గుర్తించి మన్నింపుమని అపొస్తలుడు సంఘమునకే చెప్పెను (1 థెస్స. 5:12–13). గురువు అచ్చువేసిన వ్యాసములను మాత్రమే లెక్కించుచోట, శిష్యుని కొరకు వెచ్చించిన గడియలు నష్టముగా కనబడును. ఆ నష్టము చివరకు పేద బిడ్డ మీదనే పడును. సన్మానమిచ్చువారు గురువుల పుస్తకములను మాత్రము గాక శిష్యులను అడుగవలెను. పైకి వచ్చినవారిని మాత్రమే కాదు, తడబడి లేచినవారిని కూడ అడుగవలెను.

మీ యింట అట్టి చదువు ముగించిన బిడ్డ యున్నచో, గైడుగారికి ఒక ఉత్తరము వ్రాయించుడి. ఆయన చేసిన మేలు ఇదియని విశ్వవిద్యాలయపు పెద్దలకును తెలియజేయించుడి. ఆయన ఏ మతస్థుడని విచారింపకుడి. కృతజ్ఞతార్పణ దినమున ఆయన పేరు ప్రార్థనలో ఎత్తుడి. రహస్యమందు చూచు తండ్రి ఆయనకు ఇయ్యవలసినది ఆయనకిచ్చును. మనము ఇయ్యవలసినది మనమిత్తము.