మోసినవాళ్లని అడిగామా?



ఈసారి ఒక గుర్రం గురించి మాట్లాడుకుందాం. ధమ్మానికీ గుర్రానికీ ఏం సంబంధం అనిపించవచ్చు. చివరిదాకా చదివి మీరే చెప్పండి.

మనవాళ్లకి గుర్రం ఉత్త జంతువు కాదు. దళిత పెళ్లికొడుకు గుర్రమెక్కి ఊరేగితే కిందికి లాగి కొట్టిన వార్తలు రాజస్థాన్ నుంచి, గుజరాత్ నుంచి, మధ్యప్రదేశ్ నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. పోలీసు కాపలాలో జరిగిన ఊరేగింపులూ ఉన్నాయి. మా తాత ఊళ్లో మోతుబరి గుర్రానికి రోజూ గడ్డి కోసి మోసేవాడు. ఎక్కే మాట కలలో కూడా అనుకోలేదు. అందుకే కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, గుర్రం మీద ఒక్క రోజులో 80 కిలోమీటర్లు పోయాను" అన్నప్పుడు నా కళ్లు చెమర్చాయి.

"మరి గెలిచావా?" అన్నాను ఆత్రంగా.

"లేదు మామయ్యా. చివరి నుంచి మూడోవాణ్ణి. కానీ పూర్తి చేశాను. అదీ నేను చెప్పుకుంటే చెల్లదు. గుర్రాన్ని చూసి డాక్టరు చెప్పాలి."

ఆ చివరి మాట నాకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పమన్నాను.

ఆ ఆటని ఎండ్యూరెన్స్ రైడింగ్ అంటారు. 1955లో టాహో సరస్సు దగ్గర నుంచి ఆబర్న్ పట్టణం దాకా, సియెర్రా నెవాడా కొండల మీదుగా 100 మైళ్లు ఒక్క రోజులో సాగిన స్వారీతో దానికి ఇప్పటి రూపం వచ్చింది. టెవిస్ కప్ అనే పేరుతో అది నేటికీ జరుగుతోంది. 1972లో అమెరికాలో ఈ రౌతుల కోసం ఒక సంఘం ఏర్పడింది. పూర్తి చేయటమే గెలుపు అన్నది వాళ్ల నినాదం. మావాడు చేసింది 50 మైళ్లది. మధ్యలో ఆగే మజిలీలతో కలిపి 12 గంటల గడువు.

ప్రతి మజిలీలో పశువైద్యులు ఉంటారు. రౌతు ఎంత అలిసిపోయాడని వాళ్లు అడగరు. గుర్రం నాడి చూస్తారు. చర్మం పట్టి లాగి ఒంట్లో నీరు తగ్గిందేమో చూస్తారు. చిగురు నొక్కి రంగు ఎంతసేపట్లో తిరిగి వస్తుందో చూస్తారు. కడుపుకి స్టెతస్కోపు పెట్టి పేగుల చప్పుడు వింటారు. తర్వాత తాడు పట్టుకుని పరిగెత్తించి ఏ కాలైనా కుంటుతోందేమో చూస్తారు. ఊరికే నిలబడ్డ గుర్రం గుండె నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకుంటుంది. మావాడి స్వారీలో పెట్టిన హద్దు 60. నాడి 60కి దిగాకే మజిలీ సమయం లెక్కలోకి వస్తుంది. గుర్రాన్ని తరిమి పది నిమిషాలు ముందొచ్చినా, దాని గుండె దడదడలాడుతుంటే ఆ పది నిమిషాలూ అక్కడే పోతాయి.

గీత దాటాక కూడా అంతే. అరగంటలోపు నాడి దిగాలి. ఆ తర్వాత వైద్యులు ఒకటే చూస్తారు: ఈ గుర్రం ఇక్కడి నుంచి ఇంకా ముందుకి పోగల స్థితిలో ఉందా? లేదంటే 80 కిలోమీటర్లూ పోయినా పూర్తి చేసినట్టు కాదు.

మావాడికి ఇచ్చింది ఒక పెద్దావిడ గుర్రం, పద్నాలుగేళ్ల అరబ్బు జాతి ఆడగుర్రం. పొద్దున్నుంచీ దారిలో పెట్టిన ప్రతి నీళ్లతొట్టి దగ్గరా ఆగి తాగిందట. అరవై కిలోమీటర్లు దాటాక ఒక గుంపు వీళ్లని దాటుకుని దూసుకుపోయింది. వీడికి రోషం పొడుచుకొచ్చింది. మడమలతో డొక్కల్లో పొడిచాడు. పాపం, పరిగెత్తింది. కాసేపటికి ఒక తొట్టి వచ్చింది. గుర్రం తల వాల్చుకుని దాన్ని చూడకుండానే దాటిపోయింది.

"అది నీళ్లు తాగకపోయేసరికి నాకు భయమేసింది మామయ్యా. దిగిపోయాను. స్పాంజితో మెడ తడుపుకుంటూ మూడు కిలోమీటర్లు పక్కన నడిచాను. తర్వాతి తొట్టి దగ్గర తాగింది. అప్పుడు గానీ ఎక్కలేదు."

పదకొండు గంటల ఇరవై నిమిషాలకి గీత దాటారు. నాడి చూస్తే 72. తర్వాత 66. తర్వాత 64. మావాడు నీళ్లు పోస్తూ నిలబడ్డాడు. ఇరవై రెండో నిమిషానికి 60 అయింది. పరిగెత్తించి చూశారు. సరే అన్నారు.

"ఆ ఇరవై రెండు నిమిషాలూ నా చేతుల్లో ఏమీ లేదు. నేను పోయిన దూరానికి విలువ ఉందో లేదో అది చెప్పాలి" అన్నాడు.

ఇక్కడ ఒక ప్రశ్న దాటవేయకూడదు. గుర్రం పరిగెడతానని అడిగిందా? బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల మీద కరుణ చూపుతానన్న మాట ఉంది. అసలు ఎక్కటమే తప్పు అనేవాళ్లుంటే వాళ్ల మాటని నేను కొట్టిపారేయలేను. ఈ నియమాలన్నీ ఉన్నచోట కూడా ఘోరాలు జరిగాయి. 2018లో అమెరికాలోని ట్రయాన్‌లో ప్రపంచ స్థాయి పోటీ పెట్టారు. ఎండ, ఉక్కపోత తట్టుకోలేక 50కి పైగా గుర్రాలకి వైద్యం చేయాల్సి వచ్చింది. పోటీ మధ్యలోనే రద్దయింది. నియమం ఉంటే చాలదని దీన్నిబట్టి తెలుస్తోంది.

మావాడు దిగింది నియమం చెప్పి కాదు. ఆ తొట్టి దగ్గర వైద్యుడు లేడు, అడిగేవాడు లేడు. చూసేవాడు లేనప్పుడు కూడా మనల్ని దింపేదే శీలం. సమ్యక్ వ్యాయామం అంటే మంచి కృషి అని మనం చెప్పుకుంటాం. కృషి నాది, ఫలం నాది, భారం మాత్రం ఇంకొకరిది అయితే అది మంచి కృషి ఎట్లా అవుతుంది?

సాంచీ స్తూపం తూర్పు తోరణం మీద సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లే దృశ్యం చెక్కారు. కంథకం అనే గుర్రం వెళ్తూ ఉంటుంది. పైన గొడుగు పట్టి ఉంటారు. గొడుగు కింద మనిషి కనపడడు. ఆ కాలంలో బుద్ధుణ్ణి మానవ రూపంలో చెక్కేవారు కాదు కాబట్టి అలా చేశారు. అయినా ఆ శిల్పం తలుచుకున్నప్పుడల్లా నాకు ఒకటి తడుతుంది. అక్కడ మోసినది కనపడుతోంది. మన ఇళ్లలో, మన సభల్లో గొడుగు కింద మనిషే కనపడతాడు.

విహార కమిటీల సంగతే చూడండి. ఏప్రిల్ 14న వేదిక మీద శాలువాలు మనవి. తెల్లవారుజామునే లేచి రెండొందల మందికి వండిన ఆడవాళ్లు తిన్నారో లేదో మనలో ఎవరం అడిగాం? వాళ్ల పేరు మైకులో ఎవరం చెప్పాం?

నా సంగతి కూడా చెప్పుకోవాలి. నేను డిగ్రీ చదివాను, ఉద్యోగం చేశాను, మీటింగుల్లో మాట్లాడాను. మా అక్క ఏడో తరగతిలో బడి మానేసి నా హాస్టలు ఖర్చులకి మిరపకాయ కోతలకి పోయింది. ఆ అక్క కొడుకే ఈ మేనల్లుడు. "మా అక్క త్యాగం వల్లే" అని వేదికల మీద చాలాసార్లు అన్నాను. త్యాగం అనే మాట నాకు బాగా పనికొచ్చింది. అది అన్నాక ఇంక ఏమీ అడగక్కర్లేదు కదా. నువ్వు బడికి పోతానన్నావా అని గానీ, ఇప్పుడు నీ ఒళ్లెట్లా ఉంది అని గానీ నేను ఎన్నడూ అడిగింది లేదు.

ఎక్కనివ్వని గుర్రం ఎక్కటం మన హక్కు. దానికోసం కొట్లాడాం, ఇంకా కొట్లాడతాం. కానీ ఎక్కాక మనం ఎలాంటి రౌతులం అన్నది మనల్ని మనమే అడగాలి. తొక్కించుకున్నవాళ్లం కాబట్టి తొక్కమన్న గ్యారంటీ ఏమీ లేదు. రోషం వచ్చినప్పుడు మడమ దానంతటదే లేస్తుంది. ఒక చదువుగానీ, పదవిగానీ, ఉద్యమంగానీ పూర్తయిందని చెప్పుకునేముందు మనల్ని మోసినవాళ్ల నాడి చూడాలి. వాళ్లు ఇక్కడి నుంచి ముందుకి పోగలరా? పోలేకపోతే మన ప్రయాణం ఇంకా లెక్కలోకి రాలేదు.

ఆ రాత్రే అక్కకి ఫోన్ చేశాను. కొడుకు గుర్రం సంగతి చెబుతాననుకుంది. "అది కాదక్కా, నీ మోకాలు ఎట్లా ఉంది?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "మెట్లు ఎక్కలేకపోతన్నా. ఆరేళ్లయింది" అంది.

ఆరేళ్లుగా పండక్కి వెళ్లి ఆమె వండింది తిని వస్తున్నాను. సోమవారం గుంటూరు తీసుకెళ్లి చూపిస్తున్నాను. బడి సంగతి కూడా అడగాలి. అది అడగటానికి ఇంకా ధైర్యం చాలటం లేదు.

మిత్రులారా, మీరు ఈ కరపత్రం పక్కన పెట్టాక ఇంట్లో ఒక్కరిని అడగండి. జవాబు చెప్పేదాకా ఆగండి.

నమో బుద్ధాయ. జై భీమ్.